పాత స్పోర్ట్స్ కారు వెనుక ఇరుసు: డిఫరెన్షియల్ మరమ్మతు

వెనుక చక్రాలతో నడిచే కారులో ఇంజిన్ దగ్గర పుట్టిన శక్తి రోడ్డును చేరాలంటే డిఫరెన్షియల్ గుండా పోవాలి. కారు పొడవునా తిరుగుతూ వచ్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ కదలికను అది అడ్డంగా ఉన్న ఇరుసుకు మళ్లిస్తుంది. వేగాన్ని తగ్గించి, తిప్పే బలాన్ని, అంటే టార్క్‌ను పెంచుతుంది. మలుపుల్లో రెండు చక్రాలూ వేర్వేరు వేగాలతో తిరగనిస్తూనే ఆ బలాన్ని రెండింటికీ సమంగా పంచుతుంది. ఈ చివరి పనికి కావలసిన పళ్ల చక్రాల అమరికను 1820ల చివర్లో ఫ్రాన్స్‌లో ఒనేసిఫోర్ పెకర్ అనే గడియారాల నిపుణుడు ఆవిరి బండి కోసం రూపొందించాడు. పెట్రోలు కారు పుట్టడానికి అర్ధ శతాబ్దానికి పైగా ముందే డిఫరెన్షియల్ సిద్ధమైందన్నమాట.

రెండు వెనుక చక్రాల మధ్య దూరం 1.25 మీటర్లు ఉన్న కారు ఒక పూర్తి వృత్తం చుట్టి వస్తే, బయటి చక్రం లోపలి చక్రం కంటే దాదాపు 7.85 మీటర్లు ఎక్కువ నడుస్తుంది. వృత్తం చిన్నదైనా పెద్దదైనా ఈ తేడా మారదు. చక్రాల మధ్య దూరాన్ని పై (π) విలువకు రెట్టింపుతో, అంటే సుమారు 6.28తో గుణిస్తే వచ్చే సంఖ్య అది. మలుపు ఇరుకైతే ఆ తేడా త్వరగా పోగవుతుంది, విశాలమైతే మెల్లగా. రెండు చక్రాలనూ ఒకే కడ్డీకి బిగించి ఉంటే ఆ దూరమంతా ఏదో ఒక టైరు రోడ్డు మీద ఈడ్చుకుపోవలసిందే.

ఈ కొలత ఎంజీబీది. బ్రిటన్‌లోని అబింగ్డన్ ఫ్యాక్టరీలో 1962 నుంచి 1980 దాకా తయారైన ఈ రెండు సీట్ల కారు ఐదు లక్షలకు పైగా అమ్ముడైంది. ఇప్పటికీ ఎన్నో దేశాల్లో ఔత్సాహికులు దాన్ని నడుపుతున్నారు, సొంత చేతులతో బాగుచేసుకుంటున్నారు. దాని 1798 సీసీ ఇంజిన్, మన రోడ్ల మీద తిరిగిన పెట్రోలు అంబాసిడర్ 1489 సీసీ ఇంజిన్ రెండూ ఒకే బీఎంసీ ‘బి’ సిరీస్ కుటుంబానివి. అంబాసిడర్ విప్పి బిగించిన మెకానిక్కుకు ఈ కారు అడుగుభాగం పూర్తిగా కొత్తగా తోచదు. పాత స్పోర్ట్స్ కార్ల డిఫరెన్షియల్‌కు వచ్చే జబ్బులన్నీ ఎంజీబీలో స్పష్టంగా కనిపిస్తాయి కాబట్టి మరమ్మతును దాని ఆధారంగా వివరించడం తేలిక.

లోపల ఏముంది

ప్రొపెల్లర్ షాఫ్ట్ కొసన 11 పళ్ల చిన్న పినియన్ ఉంటుంది. అది 43 పళ్ల క్రౌన్ చక్రాన్ని తిప్పుతుంది. 43ను 11తో భాగిస్తే 3.909, ఎంజీబీ ఇరుసు రేషియో అదే. ఈ సంఖ్యల ఎంపికలో ఒక తెలివి ఉంది. 43కూ 11కూ ఒకటి తప్ప ఉమ్మడి కారణాంకం లేదు. అందువల్ల పినియన్‌లోని ఒక పన్ను క్రౌన్‌లోని ఒక పన్నును ఒకసారి తాకాక, మళ్లీ అదే పన్నును తాకాలంటే పినియన్ 43 చుట్లు తిరగాలి. ఈలోగా అది క్రౌన్‌లోని మిగతా అన్ని పళ్లనూ తాకి వస్తుంది. ఒక పన్ను మీద చిన్న గరుకు ఉంటే దాని అరుగుదల ఒకేచోట గుంట పెట్టకుండా చక్రమంతా పంచుకుంటుంది. 44 పళ్లకు 11 పళ్లు జతచేసి ఉంటే అవే నాలుగు పళ్లు జీవితాంతం ఆ గరుకుకు బలయ్యేవి.

ఈ రెండూ హైపాయిడ్ చక్రాలు. అంటే పినియన్ అక్షం క్రౌన్ అక్షాన్ని నేరుగా ఖండించకుండా కొంచెం కిందుగా పోతుంది. అమెరికాలో గ్లీసన్ సంస్థ అభివృద్ధి చేసిన ఈ పద్ధతిని 1920లలో ప్యాకార్డ్ కార్లు వాడకంలోకి తెచ్చాయి. దీనివల్ల షాఫ్ట్ కిందికి దిగుతుంది, సీట్ల మధ్య సొరంగం ఎత్తు తగ్గుతుంది, పినియన్ పళ్లు బలంగా ఉంటాయి, చప్పుడు తక్కువ. బదులుగా పళ్లు ఒకదాని మీద ఒకటి దొర్లడంతో పాటు పొడవునా జారుతాయి కూడా. ఆ జారుడుకు మామూలు నూనె తట్టుకోదు. హైపాయిడ్ నూనెలో కలిపే గంధకం, ఫాస్ఫరస్ సమ్మేళనాలు పళ్లు వేడెక్కి ఒరుసుకునే చోట ఇనుముతో చర్య జరిపి పలుచని పొర ఏర్పరుస్తాయి. లోహం లోహానికి అంటుకోకుండా ఆపేది ఆ పొరే.

క్రౌన్ చక్రం ఒక గుల్ల పెట్టెకు, అంటే కేజికి బిగించి ఉంటుంది. కేజి లోపల ఒక అడ్డపిన్ను, దాని మీద ఎదురెదురుగా రెండు చిన్న ప్లానెట్ గేర్లు, వాటితో కలిసి ఇరువైపులా రెండు సన్ గేర్లు ఉంటాయి. సన్ గేర్ల లోపలి గాళ్లలోకి, చక్రాలను తిప్పే హాఫ్ షాఫ్టుల కొసలు దూరతాయి. కారు నేరుగా పోతున్నప్పుడు ఈ నాలుగూ కేజితో పాటు ఒకే ముద్దగా తిరుగుతాయి. మలుపులో మాత్రమే ప్లానెట్ గేర్లు తమ పిన్ను మీద తాము తిరిగి, ఒక చక్రం వేగాన్ని తగ్గించి ఆ మేరకు రెండోదాని వేగాన్ని పెంచుతాయి.

ఇవి శంకువు ఆకారపు గేర్లు కాబట్టి బలం ప్రయోగించినప్పుడల్లా ఒకదాన్నొకటి వెలుపలికి నెట్టుకుంటాయి. ఆ నెట్టుడు ఎంత ఉంటుందో అంచనా వేయవచ్చు. ఎంజీబీ ఇంజిన్ గరిష్ఠ టార్క్ సుమారు 149 న్యూటన్ మీటర్లు. 1967 చివర్లో వచ్చిన గేర్‌బాక్సు మొదటి గేరులో అది 3.44 రెట్లు, ఇరుసులో మళ్లీ 3.909 రెట్లు పెరిగి, కేజి దగ్గరకు వచ్చేసరికి 2000 న్యూటన్ మీటర్లవుతుంది. ఈ భారమంతా అరచేతిలో పట్టే నాలుగు గేర్ల మీద పడుతుంది. అవి కేజి గోడను కోసేయకుండా ప్రతి గేరు వెనకా ఒక థ్రస్ట్ వాషర్ ఉంటుంది. ఎంజీబీలో 1967 నుంచి అన్ని మోడళ్లకూ వచ్చిన ట్యూబ్ ఇరుసులో సన్ గేర్ల వెనక ఫైబర్ వాషర్లు, ప్లానెట్ గేర్ల వెనక గిన్నెలా వంగిన రాగి మిశ్రమ వాషర్లు వేశారు. ఖరీదైన గేరు, కేజి మిగలాలంటే చవకైన మెత్తటి వాషర్ అరగాలి. అరగడమే దాని ఉద్యోగం. అరిగిన వాషర్‌ను సకాలంలో మార్చడమే ఈ ఇరుసుకు అవసరమయ్యే మరమ్మతుల్లో అన్నిటికంటే తరచైనది, అన్నిటికంటే లాభసాటిది.

చప్పుడును చదవడం

ఇరుసు విప్పే ముందు దాని చప్పుడును అర్థం చేసుకోవాలి. మరమ్మతులో సగం డబ్బు ఇక్కడే మిగులుతుంది లేదా పోతుంది.

క్లచ్ వదిలినప్పుడు, యాక్సిలరేటర్ నొక్కి వదిలినప్పుడు వెనక నుంచి ‘టంగ్’మని ఒక దెబ్బ వినిపించడం ఎంజీబీ యజమానులకు బాగా తెలిసిన ఫిర్యాదు. చాలామంది క్రౌన్, పినియన్ అరిగిపోయాయని నిర్ధారించుకుంటారు. లెక్క వేరే మాట చెబుతుంది. క్రౌన్ పళ్లకూ పినియన్ పళ్లకూ మధ్య ఉండే ఆట, మెకానిక్కులు ‘ప్లే’ అనేది, సాధారణంగా 0.1 నుంచి 0.2 మిల్లీమీటర్లు. క్రౌన్ వ్యాసార్ధం 8 సెంటీమీటర్లు అనుకుంటే 0.15 మిల్లీమీటర్ల ఆట డిగ్రీలో పదో వంతు కదలిక మాత్రమే ఇస్తుంది. షాఫ్ట్ దగ్గర అది 3.9 రెట్లయినా అర డిగ్రీకి లోపే. అదే సన్ గేరు దగ్గర వాషర్లు అరిగి 1 మిల్లీమీటరు ఆట పుట్టిందనుకుందాం. ఆ గేరు వ్యాసార్ధం దాదాపు 2.5 సెంటీమీటర్లే కాబట్టి అది 2.3 డిగ్రీల కదలిక. షాఫ్ట్ దగ్గర 9 డిగ్రీలు. ఆ 9 డిగ్రీలూ ఖాళీగా తిరిగి వచ్చి పళ్లు ఒక్కసారిగా తాకినప్పుడు వినిపించేదే ఆ దెబ్బ.

అయితే టంగుమనేవి ఇరుసులో ఇంకా ఉన్నాయి. ప్రొపెల్లర్ షాఫ్ట్ రెండు కొసల్లోని యూనివర్సల్ జాయింట్ల సూదుల్లాంటి రోలర్లు పొడిబారి అరిగితే ఇదే చప్పుడు. ఊచల చక్రాలున్న కార్లలో చక్రాన్ని హబ్‌కు కలిపే గాళ్లు అరిగినా ఇదే చప్పుడు. హాఫ్ షాఫ్టుల గాళ్లు, పట్టీ స్ప్రింగులను ఇరుసుకు బిగించే యూ బోల్టులు కూడా అనుమానితులే. వీటిని వేరుచేయడం కష్టం కాదు. ముందు చక్రాలకు అడ్డం పెట్టి, వెనుక భాగాన్ని స్టాండ్ల మీద నిలిపి, కిందికి దూరి షాఫ్ట్‌ను చేత్తో అటూ ఇటూ తిప్పాలి. జాయింటుకు ఇవతల కదులుతూ అవతల కదలకపోతే తప్పు జాయింటులోనే. షాఫ్ట్‌ను పినియన్‌కు కలిపే ఫ్లాంజ్ కూడా కదులుతూ, కేజి తిరుగుతూ, హాఫ్ షాఫ్టులు కదలకుండా ఉంటే ఆట లోపలి గేర్లది. హబ్ తిరిగి చక్రం తిరగకపోతే ఊచల చక్రం గాళ్లది. జాకీని మాత్రమే నమ్మి కారు కిందికి దూరకూడదు. గట్టి స్టాండ్లు ఉండి తీరాలి.

ఎడతెగని ఊళ లాంటి చప్పుడు మరో జాతి. ఎంజీబీ టాప్ గేరులో గంటకు 100 కిలోమీటర్లు పోతున్నప్పుడు పినియన్ నిమిషానికి సుమారు 3470 చుట్లు, అంటే సెకనుకు 58 చుట్లు తిరుగుతుంది. చుట్టుకు 11 పళ్లు తాకుతాయి కాబట్టి పళ్ల కలయిక సెకనుకు 636 సార్లు జరుగుతుంది. ఆ వేగంలో 640 హెర్ట్జ్ దరిదాపుల్లో ఒక స్వరం వినిపించి, వేగం సగమైతే స్వరమూ సగానికి దిగితే, అది కచ్చితంగా క్రౌన్, పినియన్ల గొంతే. ఇప్పటి సెల్‌ఫోన్లలోనే స్వర పౌనఃపున్యం చూపే యాప్‌లు ఉన్నాయి కాబట్టి ఈ పరీక్ష ఎవరైనా చేయవచ్చు. యాక్సిలరేటర్ నొక్కితే ఊళ వచ్చి, వదిలితే ఆగిపోతే పన్నుకు ముందు ముఖం అరిగినట్టు. వదిలినప్పుడు వస్తే వెనక ముఖం. బేరింగు చప్పుడు దీనికి భిన్నంగా, స్వరం కాకుండా గరగరలా ఉంటుంది. మలుపుల్లో భారం ఒక పక్కకు మారినప్పుడు హెచ్చుతగ్గులైతే చక్రాల బేరింగులను అనుమానించాలి.

వాషర్లు మార్చడం

1967కు ముందు ఓపెన్ ఎంజీబీలలో ఉన్నది బాంజో ఇరుసు. దానిలో డిఫరెన్షియల్ మొత్తం ఒక ముద్దగా ముందువైపు నుంచి ఊడి వస్తుంది, బల్ల మీద పెట్టి పని చేసుకోవచ్చు. 1965లో వచ్చిన పైకప్పు మోడల్ జీటీకి మొదటి నుంచీ ట్యూబ్ ఇరుసే. ఇది సాలిస్బరీ తరహా: పోత పోసిన మధ్య పెట్టెలోకి ఇరువైపులా గొట్టాలు దూరి ఉంటాయి, వెనక ఒక మూత బోల్టులతో బిగించి ఉంటుంది. ఆ మూత కనిపిస్తే ట్యూబ్ ఇరుసని గుర్తు. దీనిలో కేజిని బయటికి తీయకుండానే వాషర్లు మార్చవచ్చు. కేజి కదలకపోతే క్రౌన్, పినియన్ల అమరిక చెదరదు. ఈ పద్ధతికి ఉన్న గొప్ప విలువ అదే.

చక్రాలు, బ్రేకు డ్రమ్ములు తీశాక అక్కడి ధూళిని గాలితో ఊదకూడదు. ఆ కాలపు బ్రేకు లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేది. తడిగుడ్డతో తుడిచి తీసేయాలి. హబ్ నట్టు 200 న్యూటన్ మీటర్ల బిగువులో ఉంటుంది కాబట్టి పొడవాటి కడ్డీ అవసరం, అదీ చక్రం నేల మీద ఉండగానే వదులు చేస్తే మంచిది. హబ్ లాగి, బ్రేకు గొట్టం విడదీసి, వెనక పళ్లెం తీసి, హాఫ్ షాఫ్టులను జారుడు బరువు ఉన్న పుల్లరుతో వెలుపలికి లాగాలి. వెనక మూత బోల్టులు వదులు చేయగానే 0.85 లీటరు నల్లటి నూనె కారుతుంది. ఆ నూనెను పారబోసే ముందు అయస్కాంతం తిప్పి చూడాలి. బూడిద రంగు మెత్తటి పేస్టు దశాబ్దాల అరుగుదలకు ఆనవాలు, కంగారు అక్కర్లేదు. రేకుల్లాంటి ముక్కలు, పన్ను కొసలు దొరికితే వాషర్లతో పోయే పని కాదు.

కేజిని తిప్పి, అడ్డపిన్నును పట్టి ఉంచే చిన్న రోల్ పిన్నును సన్నటి పంచ్‌తో కొట్టి తీయాలి. తర్వాత అడ్డపిన్ను జారి వస్తుంది. ఇప్పుడు ఒక సన్ గేరును చేత్తో తిప్పితే ప్లానెట్ గేర్లు రెండూ కేజి కిటికీ ఎదుటికి వచ్చి వాషర్లతో సహా ఊడతాయి. సన్ గేర్లు ఆ వెనకే. పాత ఫైబర్ వాషర్ కాగితంలా పలుచబడి లేదా ముక్కలై కనిపించడం మామూలే.

అడ్డపిన్నును కడిగి గోరుతో పొడవునా గీకి చూడాలి. ప్లానెట్ గేరు తిరిగిన చోట గోరు తట్టుకునేంత గుంట ఉంటే పిన్నును మార్చాలి, లేకపోతే కొత్త వాషర్లు వేసినా దెబ్బ పూర్తిగా పోదు. పిన్ను దూరే రంధ్రం కోడిగుడ్డు ఆకారానికి వచ్చి ఉంటే కేజినే మార్చవలసి వస్తుంది. గేర్ల పళ్ల మీద పెచ్చులు ఊడిన గుంటలు ఉంటే ఆ గేర్లనూ మార్చాలి. ఇవేవీ లేకపోతే కొత్త వాషర్లకు నూనె రాసి, ప్లానెట్ గేర్లను సరిగ్గా ఎదురెదురుగా ఉండేలా ఒకేసారి లోపలికి తిప్పాలి. ఒక పన్ను తేడా వచ్చినా అడ్డపిన్ను రంధ్రాలు కలవవు. ఈ ఒక్క చోట ఓపిక కావాలి. రోల్ పిన్ను కొత్తది వేయాలి. పాతది దాని స్ప్రింగు గుణం కోల్పోయి ఉంటుంది.

కారు నేరుగా పోయేటప్పుడు ఈ గేర్లు తమ పిన్ను మీద తిరగవు కదా, ఇంత అరుగుదల ఎందుకన్న సందేహం సహజం. ప్రతిసారీ బలం వచ్చి పోయినప్పుడల్లా అవి వాషర్లను కొంచెం రాపాడిస్తాయి. దానికి తోడు రెండు వెనుక టైర్ల చుట్టుకొలతలో ఒక శాతం తేడా ఉంటే, 100 కిలోమీటర్ల వేగంలో నిమిషానికి 890 చుట్లు తిరిగే చక్రాల మధ్య 9 చుట్ల తేడా వస్తుంది. నేరు రోడ్డు మీద కూడా ప్లానెట్ గేర్లు ఆగకుండా తిరుగుతూనే ఉంటాయి. ఒక పక్క కొత్త టైరు, మరో పక్క అరిగిన టైరు వేయడం ఇరుసుకు మెల్లటి శిక్ష. ఒక చక్రం బురదలో కూరుకుని తిరుగుతుంటే ఇంకా వేగంగా చేటు జరుగుతుంది: రెండో చక్రం ఆగి ఉన్నప్పుడు జారే చక్రం, స్పీడోమీటరు చూపే వేగానికి రెట్టింపు వేగంతో తిరుగుతుంది.

సీళ్లు, గాలి రంధ్రం, నూనె

ఇరుసు వేడెక్కినప్పుడు లోపలి గాలి వ్యాకోచిస్తుంది. దాన్ని వదలడానికి ఇరుసు పైభాగాన చిన్న గాలి రంధ్రం ఉంటుంది. మట్టితో అది మూసుకుపోతే గాలి సీళ్ల మీదుగా దారి చేసుకుంటుంది, వెంట నూనెను తెస్తుంది. ఆ నూనె బ్రేకు డ్రమ్ముల్లోకి చేరితే ప్రమాదం. సీలు మార్చిన నెల రోజులకే మళ్లీ కారితే కొత్త సీలును తిట్టే ముందు ఈ రంధ్రాన్ని శుభ్రం చేయాలి.

పినియన్ సీలు మార్చడంలో ఒక ఉచ్చు ఉంది. ట్యూబ్ ఇరుసులో పినియన్ బేరింగుల మధ్య నలిగే గొట్టం లాంటి స్పేసర్ ఉంటుంది. ఫ్లాంజ్ నట్టు బిగించినప్పుడు అది శాశ్వతంగా నలిగి, బేరింగుల మీద సరైన ముందస్తు ఒత్తిడిని నిలుపుతుంది. సీలు కోసం నట్టు విప్పి మళ్లీ ఇష్టం వచ్చినట్టు బిగిస్తే స్పేసర్ మరింత నలుగుతుంది, బేరింగులు కాలిపోతాయి. అందుకే విప్పే ముందు నట్టు, షాఫ్టు, ఫ్లాంజ్‌ల మీద గీత పెట్టి, తిరిగి అదే గీతకు తెచ్చి, కేవలం వెంట్రుకవాసి ఎక్కువ బిగించాలి.

నూనె విషయంలో హైపాయిడ్‌కు తగిన, చిక్కదనం 90 లేదా 80డబ్ల్యూ-90 ఉన్న గేర్ ఆయిల్ వాడాలి. గంధకం చురుకుగా ఉండే కొన్ని పాత రకాల నూనెలు వేడిలో రాగి మిశ్రమాలను తింటాయి. రాగి వాషర్లు ఉన్న ఇరుసుకు, పసుపు లోహాలకు హాని చేయదని డబ్బా మీద తెలిపే నూనె ఎంచుకోవడం వివేకం. ట్యూబ్ ఇరుసుకు 0.85 లీటరు, బాంజోకు సుమారు 1.28 లీటర్లు పడతాయి. కారు సమతలంగా ఉండగా నింపే రంధ్రం అంచు దాకా పోయడమే సరైన కొలత.

క్రౌన్, పినియన్ మార్చవలసి వస్తే

ఊళ భరించరానిదైతే, పన్ను విరిగితే, బేరింగు చెడి పినియన్ ఊగితే పెద్ద పని తప్పదు. క్రౌన్, పినియన్ ఎప్పుడూ జతగానే కొనాలి. ఫ్యాక్టరీలో ఆ రెంటినీ ఒరిపిడి పొడితో ఒకదానికొకటి అరగదీసి, ఒకే సంఖ్య చెక్కి పంపుతారు. ఒక జతలోని క్రౌన్‌ను మరో జత పినియన్‌తో కలిపితే అది ఎంత కొత్తదైనా అరుస్తుంది. పళ్ల ఉపరితలం గట్టిపరచిన ఉక్కు. ఆ పొర లోతు మిల్లీమీటరు దరిదాపుల్లోనే. ఆ పొర దాటి అరిగిన చక్రాన్ని మళ్లీ అరగదీసి బాగుచేసే మార్గం లేదు.

ట్యూబ్ ఇరుసు నుంచి కేజిని తీయాలంటే ముందు పెట్టెను ప్రత్యేక సాధనంతో ఇరువైపులకూ సాగదీయాలి. సాగదీత అర మిల్లీమీటరుకు లోపే ఉండాలి. దాటితే పోత లోహం తన ఆకారానికి తిరిగి రాదు. గునపంతో పెకలించి తీసిన కేజిలు చాలా పెట్టెలను పాడుచేశాయి. బేరింగు మూతలు తీసేటప్పుడు ఎడమది ఎడమకు, కుడిది కుడికి వెళ్లేలా గుర్తులు పెట్టాలి. అవి పెట్టెతో కలిపి తొలిచినవి, తారుమారైతే గుండ్రతనం పోతుంది.

అమరికలో కొలతలు ఒకదాని మీద ఒకటి ఆధారపడతాయి. ముందు పినియన్ లోతు. దాని తల వెనక వేసే పలుచని షిమ్ములు ఆ లోతును నిర్ణయిస్తాయి. తర్వాత పినియన్ బేరింగుల ముందస్తు ఒత్తిడి. భారం పడ్డప్పుడు పినియన్ వెనక్కి జరగకుండా ఆపేది ఇదే. దాన్ని కొలవడానికి సీలు వేయకముందు ఫ్లాంజ్ చుట్టూ తాడు చుట్టి, స్ప్రింగు త్రాసుతో మెల్లగా లాగితే చాలు. కావలసిన టార్క్ 1.8 న్యూటన్ మీటర్లు, ఫ్లాంజ్ వ్యాసార్ధం 4 సెంటీమీటర్లు అయితే త్రాసు 4.6 కిలోలు చూపాలి. నట్టును కొద్దికొద్దిగా బిగిస్తూ ప్రతిసారీ కొలవాలి. ఒకసారి ఎక్కువ నలిగిన స్పేసర్‌ను వెనక్కి తెచ్చే మార్గం లేదు. కొత్తది వేసి మళ్లీ మొదలుపెట్టవలసిందే. ఆ తర్వాత కేజిని ఎక్కించి, దాని బేరింగుల పక్క స్పేసర్లను మార్చుతూ క్రౌన్‌ను పినియన్ వైపు లేదా దూరంగా జరిపి, డయల్ గేజ్‌తో ప్లే కొలవాలి. క్రౌన్ చుట్టూ కనీసం నాలుగు చోట్ల కొలవడం తప్పనిసరి. రీడింగులు చోటు చోటుకూ మారుతుంటే క్రౌన్ కూర్చున్న చోట మురికి గాని గీరు గాని ఉంది.

అన్ని అంకెలూ సరిపోయినా చివరి తీర్పు రంగుదే. క్రౌన్ పళ్లకు ప్రష్యన్ బ్లూ లాంటి పేస్టు పలుచగా రాసి, క్రౌన్‌ను చెక్కతో కొంచెం ఆపుతూ పినియన్‌ను తిప్పాలి. తాకిన చోట రంగు చెరిగి ఆకారం మిగులుతుంది. అది పన్ను ఎత్తులో మధ్యన, పొడవులో మధ్యకు కొంచెం లోపలి కొసవైపు ఉంటే మంచిది. గుర్తు పన్ను మొదట్లో, లోతుగా పడితే పినియన్ క్రౌన్ వైపు అతిగా ముందుకు వచ్చింది; పన్ను పైకొసన పడితే వెనక్కి ఉంది. ఈ రెండు తప్పులకూ షిమ్ములు మార్చడమే మందు. గుర్తు పన్ను లోపలి చివరకు జరిగితే క్రౌన్ మరీ దగ్గరగా ఉంది, బయటి చివరకు జరిగితే దూరమైంది. షిమ్ము మార్చిన ప్రతిసారీ బేరింగు లాగి, మళ్లీ నొక్కి, ఒత్తిడి, ప్లే కొలతలు తిరిగి సరిచూడాలి. ఒక పూట పట్టే పని రెండు రోజులకు సాగడం ఇక్కడ సర్వసాధారణం. ఈ దశలో సరిపెట్టుకున్న వారికి ఇరుసు వేల కిలోమీటర్ల పాటు అరిచి చెబుతుంది.

రేషియో మార్చాలన్న ఆలోచన ఉంటే ఇదే అదను. ఎంజీబీ వీ8లో వాడిన 3.07 రేషియోకు మారితే 100 కిలోమీటర్ల వేగంలో ఇంజిన్ చుట్లు 3470 నుంచి 2725కు దిగుతాయి. పెద్ద రోడ్ల మీద హాయి. ఎక్కుడు మార్గాల్లో, ఆగి బయలుదేరేటప్పుడు 1798 సీసీ ఇంజిన్‌కు అది బరువు. చాలా ఇరుసుల్లో రేషియో బాగా మారితే కేజి కూడా మార్చవలసి వస్తుంది, ఎందుకంటే పినియన్ లావైనప్పుడు క్రౌన్ కూర్చునే చోటు జరగాలి. ఇంకొక మాట: స్పీడోమీటరు కదలిక గేర్‌బాక్సు నుంచి వస్తుంది. దాన్ని సరిచేయకుండా 3.07 వేస్తే నిజంగా 100లో పోతున్నప్పుడు ముల్లు 78 దగ్గర నిలుస్తుంది.

మామూలు డిఫరెన్షియల్ బలాన్ని సమంగా పంచుతుంది, అదే దాని బలహీనత కూడా. ఒక చక్రం జారుతూ 100 న్యూటన్ మీటర్లే భరించగలిగితే, గట్టి నేల మీది రెండో చక్రానికీ అందేది అంతే. పొలం దమ్ము చేసేటప్పుడు ట్రాక్టరు చక్రం ఒకటి బురదలో తిరుగుతుంటే డ్రైవరు డిఫరెన్షియల్ లాక్ పెడల్ తొక్కేది ఇందుకే. రోడ్డు కారులో అలా పూర్తిగా బిగిస్తే సాఫీగా మలుపు తిరగదు కాబట్టి పరిమితంగా జారనిచ్చే రకాలు వచ్చాయి. పలకల ఘర్షణతో పనిచేసేవి పందేలలో ఎక్కువ. వాటికి ప్రత్యేక రసాయనం కలిపిన నూనె కావాలి, పలకలు అరిగినప్పుడు మార్చాలి. ఏటవాలు గేర్లతో పనిచేసే క్వైఫ్ తరహావి మెత్తగా, చప్పుడు లేకుండా పనిచేస్తాయి. వాటికి మామూలు గేర్ ఆయిలే చాలు. ఒక చక్రం పూర్తిగా గాల్లోకి లేస్తే మాత్రం ఇవి పెద్దగా సాయపడవు. ఎంజీబీ రోడ్డు కార్లకు ఫ్యాక్టరీ ఇవేవీ వేయలేదు. రోజువారీ నడకకు మామూలుదే సరిపోతుంది; వంకర రోడ్ల మీద వేగంగా నడిపేవారికే ఆ ఖర్చు న్యాయం.

కొత్త క్రౌన్, పినియన్ మొదటి కొన్ని వందల కిలోమీటర్లు మెత్తగా నడపాలి. పళ్ల మీది సూక్ష్మమైన గరుకులు ఒకదాన్నొకటి నునుపు చేసుకునేది అప్పుడే, ఆ వేళ వేడి కూడా ఎక్కువే పుడుతుంది. మొదటి ప్రయాణం పది పదిహేను కిలోమీటర్లకు పరిమితం చేసి, ఆగి చేయి పెట్టి చూస్తే ఇరుసు మధ్య పెట్టె వెచ్చగా ఉండాలి. చేయి నిలపలేనంత వేడెక్కితే బేరింగుల ఒత్తిడి మీరింది. బ్రేకు గొట్టాలు విప్పి ఉంటే గాలి తీసి, పెడల్ గట్టిపడిందని నిర్ధారించుకోకుండా కారు కదలకూడదు. ఐదారు వందల కిలోమీటర్లకు ఆ తొలి నూనె తీసేసి కొత్తది పోయాలి. తీసిన నూనెలో సన్నటి బూడిద పొడి కనిపించడం సహజం. చేతికి తగిలే లోహపు రేకులు కనిపిస్తే, చప్పుడు వినిపించినా వినిపించకపోయినా, మూత మళ్లీ విప్పి రంగు పరీక్ష చేయాలి.